బావ ఎక్కడున్నాడు

పొద్దున్నే ముందుగా షెడ్డు తలుపులు కిర్రుమనేవి. ఆ తర్వాత మెకానిక్ దగ్గు వినిపించేది. ఆ తర్వాత పైలట్లు ఒక్కొక్కరే చేతిలో టీ గ్లాసుతో రేడియో గది కిటికీ దగ్గరికొచ్చి, లోపల కూర్చున్న ఆవిడని ఒకే ఒక్క ప్రశ్న అడిగేవాళ్ళు.

"అక్కా, బావ ఎక్కడున్నాడు?"

ఆవిడ చెవి మీది హెడ్‌ఫోన్ కాస్త పక్కకి జరిపి చెప్పేది.

"ఇరుకు కనుమ మీదున్నారు. తెల్లారినప్పట్నుంచీ అక్కడే తిరుగుతున్నారు."

"అయితే మేం ఏటి దారిన పోతాం."

అంతే. ఒక్కడూ ఆకాశంకేసి తలెత్తి చూసేవాడు కాదు. గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టేసి, బండి దగ్గరికి పోయేవాడు. వాళ్ళు విమానాన్ని బండి అనే అంటారు. ముందు ఇద్దరు కూర్చుని, వెనక నాలుగు బస్తాలు వేసుకుంటే నిండిపోయేదాన్ని విమానం అనడానికి వాళ్ళకి మొహమాటం.

ఆ లోయకి రోడ్డు లేదు. చుట్టూ కొండలు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకుని నిలబడ్డట్టు ఉంటాయి. ఉప్పు, మందులు, మేకులు, ఉత్తరాలు, జబ్బుపడ్డ మనుషులు, అన్నీ ఆ బండ్లలోనే వచ్చేవి, పోయేవి. కొండల అవతల, చదును నేల మీద కింది ఊరు ఉంది. అక్కడికి రెండే దారులు. ఒకటి ఇరుకు కనుమ. దగ్గర, కానీ ఎత్తు. రెండోది ఏరు కోసుకుంటూ పోయిన లోతైన గండి. దూరం, కానీ పల్లం. చిన్న బండికి మబ్బంటే భయం. మబ్బులోకి దూరితే లోపల మబ్బే ఉంటుందన్న నమ్మకం లేదు. కొండ కూడా ఉండొచ్చు. అందుకని ఏ దారి మూసుకుందో, ఏ దారి తెరుచుకుందో తెలుసుకోకుండా ఇంజను తిప్పేవాడు ఉండడు. ఉంటే ఎక్కువకాలం ఉండడు.

అది తెలుసుకోవడానికే బావ.

బావ అంటే రేడియో అక్క భర్త. కూతురికింకా పళ్ళు కూడా రాని రోజుల్లో ఒక పొద్దున ఆయన కింది ఊరి నుంచి బస్తాలేసుకుని తిరిగొచ్చాడు. వచ్చేసరికి లోయంతా మబ్బు కప్పేసి ఉంది. పైనుంచి చూస్తే పాలు పొంగి గిన్నె అంచుదాకా వచ్చినట్టుందన్నాడు రేడియోలో.

"ఏమోయ్, తెరుచుకుంటుందా? లేకపోతే వెనక్కి పోనా?"

ఆవిడ కిటికీలోంచి చూసింది. తూర్పు కొండ కింద కొంచెం వెలుగు కనిపించింది.

"ఉండండి. విప్పుకుంటోంది" అంది.

ఆయన ఉన్నాడు. అప్పట్నుంచీ పైనే ఉన్నాడు.

పైన అలా తిరుగుతూనే ఉండటం గురించి లోయలో ఎవరూ ఏమీ అనుకోలేదు. మెకానిక్ ఒక్కడే మొదట్లో సణిగేవాడు, ఆయిల్ మార్చే టైము ఎప్పుడో దాటిపోయింది, ఆ ఇంజను పాడైతే తన పేరే చెడుతుందని. "బావా, పెట్రోలెంతుంది?" అని అడిగితే ఆయన ఎప్పుడూ ఒకటే చెప్పేవాడు. "సగముంది."

కాకపోతే ఆయన ఎక్కడుంటే అక్కడ కింద మబ్బు పరుచుకునేది, పడుకునేవాడి కింద చాపలాగా. ఆయన కనుమ మీదుంటే కనుమ మూత. ఏటి మీదుంటే ఏరు మూత. ఊరి మీదుంటే ఆ రోజుకి బండ్లన్నీ షెడ్డులోనే. పైలట్లకి ఇది ఎంత సుఖంగా ఉండేదో చెప్పనక్కర్లేదు. బావ ఎక్కడున్నాడో అడగడం, అటు పోకపోవడం. కొత్తగా చేరినవాడికి మొదటిరోజు నేర్పేది ఇదే. ఆయన పైకెళ్ళాక ఆ లోయలో ఒక్క బండి కూడా కొండకి కొట్టుకోలేదు.

పెద్ద పైలట్ ఒకప్పుడు ఆయన దగ్గరే పని నేర్చుకున్నవాడు. ఇప్పుడు మీసం తెల్లబడి, మోకాళ్ళు పట్టేసి, బండెక్కాలంటే స్టూలు వేసుకుంటున్నాడు. అయినా "బావా" అనే పిలుస్తాడు. పైనుంచి "ఏరా" అని జవాబిచ్చే గొంతుకి మాత్రం ఇంకా ముప్ఫై దాటలేదు.

అక్క గొంతు మాత్రం మారింది. ఆ సంగతి ఆవిడకి తెలుసు.

"జలుబు చేసిందా?" అనేవాడాయన.

"లేదండీ. వయసొచ్చింది."

"నీకా!" అని నవ్వేవాడు.

ఆవిడ ఆయనకి అన్నీ చెప్పేది. పిల్లకి పన్నూడింది. పిల్ల పక్కింటి వాళ్ళబ్బాయిని కొట్టొచ్చింది. పైకప్పు రేకు మార్చాం. ఆయన అన్నీ వినేవాడు, అడిగినవే మళ్ళీ మళ్ళీ అడిగేవాడు, చివర్లో మాత్రం రోజూ ఒకటే మాట.

"తెరుచుకుందా?"

"ఇంకా లేదండీ. ఉండండి."

ఆ కుర్చీ వదిలి ఆవిడ ఎక్కడికీ వెళ్ళేది కాదు. కింది ఊళ్ళో చెల్లెలి పెళ్ళయితే కూడా కొండ దిగలేదు. తర్వాత చెల్లెలే మొగుణ్ణి వెంటబెట్టుకుని వచ్చి, గుమ్మంలోనే అందుకుంది. "నీ మొగుడేమో ఆకాశంలో, నువ్వేమో కుర్చీలో! మీ ఇద్దరిలో ఒక్కరికైనా కాలు నేలకి ఆనదే?"

"నేను పోతే ఆయనకి జవాబెవరిస్తారు?" అంది అక్క.

"తెరుచుకోలేదని చెప్పడానికి నువ్వే కావాలా? ఆ గోడని చెప్పమన్నా చెబుతుంది."

అక్క నవ్వింది కానీ లేవలేదు.

ఆయన సరిగ్గా ఊరి నెత్తి మీదికొచ్చిన రోజుల్లో పైలట్లు షెడ్డులో పేకాడుకుంటూ మబ్బుని తిట్టుకునేవాళ్ళు. అక్క మెట్ల మీదికొచ్చి నిలబడేది. మబ్బులోంచి ఇంజను చప్పుడు తేనెటీగ పాటంత సన్నగా వినిపించేది. ఆవిడ తలెత్తి చూసేది. తెలుపు తప్ప ఏమీ కనపడేది కాదు. ఆరేసిన బట్టలు ఆ రోజు ఆరేవి కావు. ఆవిడకి తొందరుండేది కాదు.

కూతురు ఆ చప్పుడు వింటూనే పెరిగింది. ఒకచోట నిలబడదని అందరూ పిచ్చిక అనేవాళ్ళు. నాన్న గొంతు తెలుసు, దగ్గు తెలుసు, ఈలపాట తెలుసు, మొహం తెలియదు. గోడమీది ఫొటోలో ఆయన టోపీ నీడ సగం మొహాన్ని తినేసింది. విమానం నేర్చుకుంటానంటే అక్క అడ్డు చెప్పలేదు. ఎందుకు నేర్చుకుంటోందో ఊరందరికీ తెలుసు. నేర్చుకుంటున్నన్నాళ్ళూ లోయలో ఎగురుతూ, పెద్ద పైలట్ అరుస్తున్నా వినకుండా బండి ముక్కు పైకెత్తి మబ్బు పైకి పోవాలని చూసేది. బండికి అంత ఊపిరి లేదు. సగంలోనే దమ్ము చాలక వణికేది.

"అది బండే తల్లీ, బెలూన్ కాదు. దించు" అనేవాడు పెద్ద పైలట్. "ముందు నేల మీద బతకడం నేర్చుకో. గండిలో మధ్యలో పోకు. ఒక గోడ పక్కనే పో. తిరగాల్సొస్తే అవతలి చోటంతా నీకుంటుంది. సీసా మెడ దగ్గర మాత్రం ఏ పక్కనున్నా తిరగలేవు. అది దాటేముందే ఆలోచించుకో."

సీసా మెడ అంటే ఏటి దారిలో రెండు గోడలూ బాగా దగ్గరకొచ్చే చోటు. దాని తర్వాత లోయ తెరుచుకునేదాకా చాలాసేపు ముందుకి పోవడమే.

చివరికి పిచ్చిక ఒంటరిగా కింది ఊరికి పోయి వచ్చే రోజొచ్చింది. బావ ఇరుకు కనుమ మీదున్నాడు. పిల్ల ఏటి దారిన పోయింది. చేరిందని కింది ఊరి నుంచి ఫోనొచ్చింది. చేసింది అక్కడి రన్‌వే చూసుకునే మనిషి, అక్కని ఎప్పుడూ చూడకపోయినా అక్కా అనేవాడే. "చక్కగా దించిందక్కా, గుడ్డు కూడా పగలదు" అన్నాడు.

అక్కకి గర్వం ఆగలేదు. రేడియో తీసింది.

"ఏమండీ, మీ పిల్ల ఇవాళ ఒక్కతే పోయింది. ఇప్పుడు తిరిగొస్తోంది."

"ఒక్కతేనా! ఏ దారిన?"

"ఏటి దారిన."

చెప్పేసింది. ఎవరు ఏ దారిన వస్తున్నారో బావకి చెప్పకూడదని లోయలో ఎవరూ ఎప్పుడూ అనుకోలేదు. ఆ అవసరమే రాలేదు. అందరూ ఆయన ఎక్కడున్నాడో అడిగేవాళ్ళే. తాము ఎక్కడున్నామో ఆయనకి చెప్పినవాళ్ళు లేరు.

మధ్యాహ్నం పిచ్చిక గొంతు కొండ వరస దాటి రేడియోలోకొచ్చింది. "అమ్మా, సీసా మెడ దాటాను. ఆకలేస్తోంది."

"వండి పెట్టా. రా."

కాసేపటికి మళ్ళీ. "అమ్మా, ఎదర తెల్లగా ఉంది."

"ఎదరేం ఉంటుందే, మీ నాన్న కనుమ మీద..." అక్క ఆగిపోయింది. "ఏమండీ? ఎక్కడున్నారు?"

"ఏటి మీదికొచ్చాను" అన్నాడాయన హుషారుగా. "పిల్ల ఇంజను వినిపిస్తోందోయ్! ఎంత శుభ్రంగా తిప్పుతోందో!"

"ఎందుకొచ్చారు?"

"ఎందుకేంటి? మొదటిసారి ఒక్కతే వస్తోందన్నావుగా. చూద్దామని."

పెద్ద పైలట్ కిటికీ దగ్గరే ఉన్నాడు. గ్లాసు ఎక్కడ పెట్టాడో తెలియదు, కుంటుకుంటూ లోపలికొచ్చి మైకు తీసుకున్నాడు.

"పిచ్చికా. వెనకెలా ఉంది?"

"వెనకా మూసుకుంది. ఏరు కనిపిస్తోంది. గోడలు పై సగం కనపడట్లేదు."

"ఏటిని వదలకు. వేగం తగ్గించు. పైకి మాత్రం ఎక్కకు, విన్నావా?"

"ఎక్కనులే." పిల్ల గొంతు సన్నబడింది. "మాఁవయ్యా, ఇది కిందికి దిగుతోంది."

అప్పుడు పైనుంచి ఆయన అన్నాడు. "భయపడకమ్మా. నేను దిగి ముందు పోతా. నా తోక పట్టుకుని రా."

"దిగకు నాన్నా! నువ్వు దిగుతుంటే అదీ దిగుతోంది! నీళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి!"

"బావా, ఎక్కడున్నవాడివి అక్కడే ఉండు" అన్నాడు పెద్ద పైలట్.

"ఉంటే ఇది పోదు కదరా. సరే, ఊరి మీదికి పోతా."

"ఊరు మూసుకుంటే పిల్ల ఎక్కడ దిగుతుంది?"

"కనుమ మీదికి పోనా?"

"అక్కడికి పోవాలన్నా పిల్ల నెత్తి మీదనుంచే కదా పోవాలి?"

"మరెక్కడికి పోనురా?" ఆ కుర్ర గొంతులో మొదటిసారి చిరాకు వినిపించింది. "నువ్వే చెప్పు."

ఆయన వెళ్ళగలిగింది ఒక్క వైపే. అప్పుడెప్పుడో బస్తాలతో వచ్చినవైపుకి, కొండ వరస దాటి, చదును నేల మీదికి. ఆ వరస దాటితే ఈ రేడియో అందదు. పెద్ద పైలట్‌కి ఆ మాట నోటిదాకా వచ్చింది. అతను అక్క మొహంకేసి చూసి, మైకు బల్ల మీద పెట్టేసి, గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

అక్క మైకు తీసుకుంది.

"ఏమండీ. కింది ఊరికి వెళ్ళిపోండి."

"ఉండమన్నావుగా."

"అన్నాను."

"ఇంకా తెరుచుకోలేదా?"

"తెరుచుకోదండీ. మీరున్నంతసేపూ తెరుచుకోదు."

రేడియోలో గరగర తప్ప ఏమీ లేదు.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?" అన్నాడాయన మెల్లిగా.

"అదంతా ఇప్పుడెందుకు? పెట్రోలు సరిపోతుందా?"

"సగముంది."

"అయితే సరిపోతుంది. తిరగండి."

"పిల్లని ఒక్కసారి..."

"వద్దు. తిరగండి."

"తిరుగుతున్నానోయ్, అరవకు." ఇంజను చప్పుడు మారింది. "కొండ వరస కనిపిస్తోంది. అవతల ఎండగా ఉంది. ఇదుగో, నువ్వు మాత్రం ఆ కుర్చీలో..."

అక్కడితో తెగిపోయింది.

అక్క కాసేపు ఆ గరగరనే విన్నది. ఆ గరగరలోంచి కూతురు పిలిచింది.

"అమ్మా, ఎవరో దుప్పటి లాగినట్టు పోతోంది. గోడలు కనిపిస్తున్నాయి. పైన నీలంగా ఉంది." తర్వాత చాలా సేపటికి, చిన్నపిల్లలా, "నాన్న వెళ్ళిపోయాడా?" అంది.

పిచ్చిక దిగింది. దిగి, బండి పక్కనే నేల మీద కూర్చుండిపోయింది. మెకానిక్ వెళ్ళి చక్రాలకి అడ్డం రాళ్ళు పెట్టి వచ్చాడు.

ఆ సాయంత్రం అక్క కింది ఊరికి ఫోన్ చేసింది. "రాలేదక్కా" అన్నాడు అక్కడి మనిషి. మర్నాడూ అదే మాట. ఆ తర్వాత తనే ముందుగా చెప్పేవాడు, ఆవిడ అడగాల్సిన పని లేకుండా.

లోయలో ఎండ కాసింది. అలాంటి ఎండ కుర్రాళ్ళు ఎవరూ చూసి ఎరగరు. బట్టలు ఆరేసిన గంటకే కర్రల్లా బిగుసుకుపోయేవి. పైలట్లు పొద్దున్నే అలవాటుగా కిటికీ దగ్గరికొచ్చి, నోరు తెరిచి, మూసుకుని, తప్పుచేసినట్టు పక్కకి పోయేవాళ్ళు. బయట నిలబడి ఆకాశం చూసేవాళ్ళు. కొండ మీద మబ్బు తునక కనపడితే అది ఎటు కదులుతోందో తేల్చుకోలేక వాదించుకునేవాళ్ళు. ఒకడు కనుమ దాకా పోయి భయపడి తిరిగొచ్చాడు. సిగ్గుపడబోతే పెద్ద పైలట్ అతని వీపు తట్టాడు. "తిరిగొచ్చావు కదా, అదే రా పని."

అక్క కుర్చీలోనే ఉండేది. రేడియో తీసే ఉంచేది. ఆయన ఉండే చోట ఇప్పుడు నిశ్శబ్దం ఉండేది. ఆవిడ దానికే అప్పుడప్పుడూ చెప్పేది. "పిల్ల అన్నం సరిగా తినట్లేదండీ." "పిల్ల ఇవాళ కనుమ దారిన పోయొచ్చింది." జవాబు కోసం కాసేపు ఆగేది. పిచ్చిక అవి విని, విననట్టు బయటికి పోయేది. ఒకరోజు మాత్రం ఉండబట్టలేక అంది.

"నా వల్లే కదమ్మా."

"నోర్ముయ్" అంది అక్క. "మీ నాన్న నిన్ను చూడ్డానికొచ్చాడు. ఆ ముచ్చట ఆయనకి ఉండకూడదా?"

వేసవి చివర్లో ఒక పొద్దున, పైలట్లింకా టీ తాగుతుండగా ఫోన్ మోగింది. కింది ఊరి మనిషి. రోజూ ఈవిడ చేస్తే మాట్లాడేవాడు, ఇవాళ తనే చేశాడు.

"అక్కా. బావ దిగాడు."

అక్క ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"ఉన్నావా అక్కా? ఇందాకే దిగాడు. బస్తాలు దించుకున్నాం. ఉప్పంతా రాయిలా గడ్డకట్టింది. మా మెకానిక్ ఆయిల్ చూసి తల పట్టుక్కూర్చున్నాడు. బావేమో మొహం కడుక్కుని, టీ తాగి, మళ్ళీ బండెక్కి కూర్చున్నాడు. అటు తెరుచుకుందేమో కనుక్కోమంటున్నాడు. ఏం చెప్పను?"

అక్క కిటికీలోంచి చూసింది. ఆకాశం కడిగి బోర్లించిన గిన్నెలా ఉంది. కొండ కొసలు చెక్కినట్టు కనిపిస్తున్నాయి. ఒక్క మబ్బు తునక లేదు. తెరుచుకుందండీ, రండి, అనే మాట ఆవిడ నాలిక మీద ఇన్నేళ్ళుగా నానుతోంది. అంటే చాలు, ఆయన బయల్దేరతాడు. కొండ వరస ఎక్కుతాడు. గొంతు రేడియోలోకొస్తుంది.

"ఎక్కొద్దని చెప్పు" అంది.

"ఏంటక్కా?"

"దిగి కూర్చోమని చెప్పు. వినకపోతే ఆ బండి తాళం లాక్కుని నీ జేబులో వేసుకో. నేనే వస్తున్నాను."

ఫోన్ పెట్టేసి లేచింది. లేస్తుంటే మోకాలు కలుక్కుమంది. కిటికీ దగ్గర గ్లాసులు పట్టుకున్నవాళ్ళెవరూ కదల్లేదు. పెద్ద పైలట్ లోపలికొచ్చి, ఆ కుర్చీలో సర్దుకుని కూర్చుని, హెడ్‌ఫోన్ తగిలించుకున్నాడు.

పిచ్చిక బండి తీసే లోపల అక్క చీర మార్చుకుని, జడ వేసుకుని వచ్చింది. పిల్ల ఆ జడకేసి చూసి తటపటాయించింది.

"అమ్మా... నాన్న ఇంకా..."

"తెలుసు."

"జుట్టుకి రంగేమైనా..."

"నా గొంతు ముసలిదవడం రోజూ విన్నాడే. జుట్టు చూసి జడుసుకుంటాడా? పోనియ్."

బండి నేల విడిచేటప్పుడు అక్క సీటు అంచు గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి లోయ అరచేతిలా కింద ఉంది. రేడియో గది అగ్గిపెట్టెంత. ఏరు, సీసా మెడ, ఆ తర్వాత కొండ వరస, ఇన్నాళ్ళూ మాటల్లోనే ఉన్నవన్నీ ఒక్కొక్కటే వచ్చి పక్కనుంచి వెళ్ళాయి. వరస దాటుతుంటే రేడియోలో పెద్ద పైలట్ ఏదో అంటూ అంటూ వినపడకుండా పోయాడు. ఆవిడ దాన్నోసారి తట్టి, ఒళ్ళో చేతులు పెట్టుకుంది.

చదును నేల వచ్చింది. దూరంగా రన్‌వే, చివర్న పాత మోడల్ బండి ఒకటి. దాని పక్కన ఒక మనిషి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని, తలెత్తి పైకి చూస్తున్నాడు. అంత ఎత్తునుంచి మనిషి వయసు తెలియదు.

పిచ్చిక ఆ మనిషినే చూస్తూ బండిని పక్కకి వంచింది.

"ఎక్కడికే?" అంది అక్క కంగారుగా. "అదుగో ఉంటేనూ!"

"గాలి ఎటుందో చూసుకోవాలమ్మా. ఒక చుట్టు తిరిగే దిగాలి."

అక్క కిందనున్న మనిషి మీంచి కళ్ళు తిప్పలేదు.

"ఒక్కటే" అంది. "రెండోది తిరిగావంటే ఊరుకోను."